కత్తులు దింపిన దొరలు

విందు బ్రహ్మాండంగా జరిగింది. వచ్చినవాడు సాక్షాత్తూ ఇంగ్లండు రాజు ఏడో హెన్రీ. పిలిచినవాడు ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ జాన్ డివేర్. ఆ రాజుకు కిరీటం దక్కిన యుద్ధంలో ముందు వరసలో నిలబడి పోరాడిన సేనాని. రాజు బయల్దేరే వేళ కోట గుమ్మం దాకా రెండు వరసల్లో మనుషులు బారులు తీరారు. అందరిదీ ఒకే రంగు దుస్తులు. అందరి మీదా దొరగారి ముద్ర. రాజు ఆగాడు. వీళ్లంతా మీ ఇంట్లో పనివాళ్లేనా అని అడిగాడు. కాదు ప్రభూ, తమరి గౌరవార్థం పిలిపించిన మా మనుషులు అన్నాడు ఎర్ల్, గర్వంగా. రాజు భోజనం బాగుందన్నాడు. అయితే తన చట్టాన్ని తన కళ్లముందే కాలరాస్తే ఊరుకోవడం కుదరదనీ, మిగతా సంగతి తన వకీలు మాట్లాడతాడనీ చెప్పి గుర్రమెక్కాడు. ఆ విందుకు ఎర్ల్ చెల్లించిన మూల్యం... 15 వేల మార్కుల జరిమానా. అంటే పదివేల పౌండ్లు!

ఈ కథను సుమారు వందేళ్ల తర్వాత, 1622లో, ఫ్రాన్సిస్ బేకన్ రాశాడు. అచ్చంగా ఇలాగే జరిగిందా అంటే చరిత్రకారులు అనుమానమే అంటారు. కానీ కథ అబద్ధమైనా కాలం నిజం. 1485 నుంచి 1603 దాకా ఇంగ్లండును ఏలిన ట్యూడర్ వంశం ఆ దేశపు దొరల చేతుల్లోంచి కత్తి ఎలా దింపిందో ఇంతకన్నా సూటిగా చెప్పే కథ మరొకటి లేదు.

దొరగారి ముద్ర

ఇంగ్లండు ప్రభువుల్లో అయిదు మెట్లు. పైన డ్యూక్, తర్వాత మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, అట్టడుగున బారన్. దేశం మొత్తం మీద వీళ్ల కుటుంబాలు అరవై దరిదాపుల్లో ఉండేవంతే. కానీ భూములు వీళ్లవి, కోటలు వీళ్లవి, మనుషులు వీళ్లవి. పొరుగువాడు పొలం గట్టు జరిపినా, కోర్టులో సాక్ష్యం కావాలన్నా, జనం రాజు దగ్గరకు పరుగెత్తరు. దొర దగ్గరకు వెళ్తారు. ఆయన ముద్ర తొడుక్కున్నవాడి జోలికి ఎవరూ రారు. బదులుగా ఆయన పిలిచిన రోజున బల్లెం పట్టుకుని నడవాలి.

ఆ పిలుపులు 1455 నుంచి ముప్ఫై ఏళ్లపాటు విడతలు విడతలుగా వచ్చాయి. లాంకాస్టర్, యార్క్ రాజకుటుంబాల మధ్య కిరీటం కోసం సాగిన ఆ పోరును 'గులాబీల యుద్ధాలు' అంటారు. పేరులోనే పువ్వులు... నేల మీద నెత్తురే! చివరి పెద్ద పోరు 1485 ఆగస్టు 22న బోస్‌వర్త్‌లో జరిగింది. ఒకవైపు మూడో రిచర్డ్ రాజు, ఇంకోవైపు ప్రవాసం నుంచి తిరిగొచ్చిన హెన్రీ ట్యూడర్. పక్కనే తమ సేనలతో తమాషా చూస్తూ స్టాన్లీ సోదరులు. గాలి ఎటు వీస్తుందో తేల్చుకునేదాకా కదల్లేదు. ఆఖరి గడియలో తమ్ముడు విలియం స్టాన్లీ మనుషులు హెన్రీ వైపు దూకారు. రిచర్డ్ చచ్చిపోయాడు. హెన్రీ రాజయ్యాడు.

గెలిచినవాడికి అర్థమైన మొదటి పాఠం ఏమిటంటే... ఇవాళ తనను రాజును చేసిన చెయ్యే రేపు ఇంకొకరిని చెయ్యగలదు. పదేళ్లు గడవకముందే ఆ భయం నిజమైంది. దొంగ రాకుమారుడు పెర్కిన్ వార్‌బెక్‌కు వత్తాసు పలికాడన్న ఆరోపణ మీద 1495లో విలియం స్టాన్లీ తలే తెగిపడింది. ఏరు దాటి తెప్ప తగలేశాడని హెన్రీని అనుకోవచ్చు. ఆ తెప్ప తననే ముంచుతుందని ఆయన లెక్క.

కాగితమే కారాగారం

హెన్రీ తెలివైనవాడు. అందరి తలలూ నరికితే దేశాన్ని ఎవరితో నడపాలి? అందుకే కాగితం తీశాడు. 'నేను రాజుగారికి విధేయుడిగా ఉంటాను, తప్పితే ఇన్ని వేల పౌండ్లు కడతాను' అనే అర్థం వచ్చేలా దొరలచేత బాండ్లు రాయించుకున్నాడు. బుద్ధిగా ఉన్నంతకాలం ఒక్క పైసా కట్టనక్కర్లేదు. కాస్త అటూ ఇటూ అయితే ఆస్తి మొత్తం హారతి కర్పూరం! అరవై పైచిలుకు ప్రభువుల కుటుంబాల్లో నలభై అయిదుకు పైగా ఏదో ఒక సమయంలో ఇలాంటి ఉచ్చులో తల దూర్చినవేనని చరిత్రకారులు లెక్కగట్టారు. ఖజానా లెక్కల పుస్తకాల్లో రాజే స్వయంగా సంతకాలు పెట్టేవాడు.

రెండో తాళం 1504 చట్టం. అనుమతి లేకుండా ముద్ర దుస్తులిచ్చి మనుషుల్ని పోగేస్తే మనిషికి నెలకు అయిదు పౌండ్ల జరిమానా. 1507లో బెర్గావెన్నీ ప్రభువు జార్జ్ నెవిల్ 471 మందిని అలా పెట్టుకున్నాడని తేలింది. నెలల లెక్కన గుణిస్తే జరిమానా 70 వేల పౌండ్లు దాటింది. ఆ డబ్బు ఆయన ఏడు జన్మలెత్తినా కట్టలేడు. కట్టాలని రాజూ అనుకోలేదు. నెత్తిమీద కత్తి వేలాడితే చాలు.

తండ్రి పోయి ఎనిమిదో హెన్రీ గద్దెనెక్కగానే ఈ వసూళ్లు చేసిన ఎంప్సన్, డడ్లీ అనే ఇద్దరు అధికారులను జైల్లో వేయించి, 1510లో తలలు తీయించాడు. జనం జేజేలు పలికారు. దొరలు ఊపిరి పీల్చుకున్నారు. పాపం, ఆ ఊపిరి ఎంతోకాలం నిలవలేదు!

ఒక కుటుంబం... ఆరు తరాలు

ఈ మార్పంతా ఒకే ఇంట్లో చూడాలంటే హొవార్డుల గడప తొక్కాలి. నార్ఫోక్ డ్యూకులు వాళ్లు. మొదటి డ్యూక్ జాన్ హొవార్డ్ బోస్‌వర్త్‌లో రిచర్డ్ పక్షాన పోరాడి చచ్చిపోయాడు. గాయపడి పట్టుబడ్డ కొడుకు థామస్‌ను లండన్ టవర్‌లో పెట్టారు. బిరుదులు పోయాయి, భూములు పోయాయి. మూడేళ్లకు పైగా జైలు. 1489లో రాజు బయటికి తీసి, ఉత్తరాదికి వెళ్లి అల్లర్లు అణచమన్నాడు. వెళ్లాడు. ఏళ్ల తరబడి ఎదురు మాట లేకుండా చాకిరీ చేశాడు. భూములు ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చాయి. డ్యూక్ బిరుదు మాత్రం రాలేదు.

1513లో ఎనిమిదో హెన్రీ ఫ్రాన్సులో యుద్ధంలో ఉండగా స్కాట్లండు రాజు నాలుగో జేమ్స్ దండెత్తాడు. 70 ఏళ్ల థామస్ హొవార్డ్ ఎదురెళ్లాడు. సెప్టెంబరు 9న ఫ్లాడెన్ దగ్గర స్కాట్ల సేన మట్టికరిచింది. వాళ్ల రాజు యుద్ధభూమిలోనే కూలాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ముసలాయనకు తండ్రి బిరుదు తిరిగి దక్కింది. అంటే, తండ్రి పోగొట్టుకున్న పేరు తిరిగి తెచ్చుకోవడానికి కొడుక్కి 28 ఏళ్లు పట్టింది. ఇదీ ట్యూడర్ల కొత్త సూత్రం. పెద్దరికం పుట్టుకతో వస్తుంది సరే... అది నిలబడాలంటే రాజుకు పనికొస్తూ ఉండాలి.

పనికిరానివాడి గతేమిటో 1521లో తెలిసింది. బకింగ్‌హామ్ డ్యూక్ ఎడ్వర్డ్ స్టాఫర్డ్ నాటి ప్రభువుల్లో అందరికన్నా సంపన్నుడు. ఒంట్లో రాజరక్తం. కోటలాంటి మేడ కట్టుకుంటున్నాడు. రాజు చస్తే ఎవరు రాజవుతారో జోస్యం అడిగాడనీ, రాజు ప్రాణం మీద కన్నేశాడనీ నేరం మోపారు. మే 17న తల తీశారు. ఆ మేడ అలాగే అసంపూర్తిగా మిగిలిపోయింది. తీర్పు చెప్పిన డ్యూక్ ఎవరో తెలుసా? ఫ్లాడెన్ వీరుడు, వియ్యంకుడు వరసయ్యే ముసలి హొవార్డే. శిక్ష చదువుతూ ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడంటారు. కన్నీళ్లొచ్చినా నోరు మాత్రం రాజు మాటే పలికింది.

కసాయి కొడుకు... కమ్మరి కొడుకు

ఈ మధ్యలో దర్బారులో వింత మనుషులు పైకొచ్చారు. ఇప్స్‌విచ్‌లో మాంసం అమ్ముకునేవాడి కొడుకు థామస్ వోల్సీ రాజ్యం మొత్తాన్ని నడిపాడు. తర్వాత పట్నీలో కొలిమి, సారాబట్టీ నడుపుకున్నవాడి కొడుకు థామస్ క్రామ్‌వెల్ వచ్చాడు. లెక్కలు తెలుసు, చట్టం తెలుసు, రాత్రింబవళ్లు పనిచెయ్యడం తెలుసు. తాతల పేర్లు చెప్పుకునే దొరలకు కడుపు మండిపోయింది. కానీ రాజుకు కావలసింది తాతలు కాదు... పని!

అందుకే దొరల చూపు కోటల నుంచి రాజుగారి గదివైపు మళ్లింది. ఎంత దాకా అంటే, రాజును మరుగుదొడ్డి దగ్గర కనిపెట్టుకుని ఉండే కొలువుకు కూడా పోటీ పడేవారు! నవ్వొస్తుంది గానీ, రాజు ఒంటరిగా దొరికే చోటు అదొక్కటే మరి. చెవిలో ఒక మాట వేస్తే భూమో, పదవో, బంధువుకు క్షమాభిక్షో దొరకొచ్చు.

మూడో నార్ఫోక్ డ్యూక్, ఇంకో థామస్ హొవార్డ్, ఈ ఆటలో ఆరితేరాడు. ఆయన చెల్లెలి కూతురు ఆన్ బొలీన్ రాణి అయింది. 1536లో ఆమెపై నేరం మోపినప్పుడు విచారణకు అధ్యక్షత వహించి మరణశిక్ష చదివింది ఈ మేనమామే. 1540 జూన్‌లో సభలోనే క్రామ్‌వెల్‌ను బంధించినప్పుడు అతని మెడలోని పతకాన్ని ఈయనే లాగేశాడని ఫ్రెంచి రాయబారి రాశాడు. అదే ఏడు తమ్ముడి కూతురు కేథరిన్ హొవార్డ్ రాణి అయింది. 1542లో ఆమె తలా తెగింది. రాజుకు పిల్లనిస్తే అధికారం ఇంటికొస్తుందని లెక్క వేసుకున్న ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు బలైపోయారు.

చివరికి వంతు ఆయనకే వచ్చింది. కొడుకు హెన్రీ, సర్రే ఎర్ల్, మంచి కవి. తమ వంశ చిహ్నంలో రాజలాంఛనాలు కలుపుకున్నాడన్నది ప్రధాన నేరం. 1547 జనవరి 19న తల తీశారు. తండ్రికి జనవరి 28న ముహూర్తం పెట్టారు. ఆ రోజు తెల్లవారుజామున రాజే చచ్చిపోయాడు! డెబ్భై దాటిన డ్యూక్ బతికిపోయాడు. కాకపోతే బయటికి రావడానికి మరో ఆరేళ్లు... 1553లో మేరీ రాణి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

దేవుడి భూమి

తలలు తీస్తే భయం వస్తుంది. భయంతో కొన్నాళ్లే నడుస్తుంది. దొరల్ని రాజుకు కట్టిపడేసిన అసలు తాడు భూమి. రోమ్‌తో తెగతెంపులు చేసుకున్న ఎనిమిదో హెన్రీ 1536-40 మధ్య దేశంలోని సుమారు 800 మఠాలను మూసేశాడు. వాటి పొలాలు, తోపులు, గొర్రెల మేత బీళ్లు రాజు పరమయ్యాయి. అందులో ఎక్కువ భాగాన్ని యుద్ధఖర్చుల కోసం అమ్మేశాడు, కొంత పంచిపెట్టాడు. కొన్నవాళ్లెవరు? పాత దొరలు, కొత్త దొరలు, లాయర్లు, రాజోద్యోగులు. కొలువులో పైకొచ్చిన జాన్ రసెల్ 1539లో బారన్, 1550లో బెడ్‌ఫర్డ్ ఎర్ల్ అయ్యాడు. వోబర్న్ మఠం ఆ ఇంటికి దక్కింది.

దీని బలం ఎంతటిదో తర్వాత బయటపడింది. మేరీ రాణి దేశాన్ని మళ్లీ పోపు గొడుగు కిందకు తెచ్చింది. పార్లమెంటు తలూపింది. మఠాల భూములు తిరిగిస్తారా అంటే మాత్రం... ఊహూ! ప్రార్థనలు మార్చుకోవడానికి ఒప్పుకున్న దొరలు పట్టాలు మార్చుకోవడానికి ఒప్పుకోలేదు. రాణి గారికీ ఒప్పుకోక తప్పలేదు.

దొరలు పారిపోయారు... పల్లెలు ఉరెక్కాయి

పాత పద్ధతిలో దొర పిలిస్తే జనం కదిలిన ఆఖరి పెద్ద సందర్భం 1569. ఉత్తరాన నార్తంబర్‌లాండ్ ఎర్ల్ థామస్ పెర్సీ, వెస్ట్‌మోర్లాండ్ ఎర్ల్ చార్లెస్ నెవిల్ ఎలిజబెత్ రాణిపై తిరగబడ్డారు. పాత మతం తిరిగి రావాలన్నది నినాదం. లండన్ దర్బారులో తమకు పలుకుబడి పోయిందన్నది లోపలి మంట. డర్హమ్ చర్చిలో పాత పద్ధతిలో ప్రార్థనలు చేయించారు. కొన్ని వేలమంది వెంట నడిచారు. కానీ అనుకున్నంతమంది రాలేదు. రాణి సేన వస్తోందనగానే ఎర్ల్‌లిద్దరూ సరిహద్దు దాటి స్కాట్లండులోకి జారుకున్నారు.

మరి వెంట నడిచినవాళ్లు? వాళ్లకు గుర్రాలు లేవు, పొరుగు దేశంలో చుట్టాలు లేరు. ఊరూరా ఉరికంబాలు వెలిశాయి. వందలమంది సామాన్యుల్ని వేలాడదీశారు. కాస్త ఆస్తి ఉన్నవాడికి జరిమానా, ఏమీ లేనివాడికి తాడు. పెర్సీని స్కాట్లు డబ్బుకు అప్పగిస్తే 1572లో యార్క్‌లో తల తీశారు. నెవిల్ విదేశంలో స్పెయిన్ రాజు విదిల్చే పింఛను మీద బతికి 1601లో పోయాడు. ట్యూడర్ల చరిత్ర అంటే రాజులు, రాణులు, తెగిన తలలు అనుకుంటాం. ఆ ఉరితాళ్లకు వేలాడినవాళ్లను తలుచుకునేవాళ్లు ఎంతమంది?

అదే 1572 జూన్ 2న హొవార్డుల నాలుగో డ్యూక్ థామస్ తలా తెగింది. ఖైదులో ఉన్న స్కాట్లండు రాణి మేరీని పెళ్లాడాలని చూసి, విదేశీ కుట్రలో చిక్కుకున్నాడు. అతడు ఎలిజబెత్‌కు తల్లి వైపు చుట్టం. మరణశిక్ష కాగితం మీద సంతకం పెట్టడం, మళ్లీ వెనక్కి తీసుకోవడం... రాణి నెలల తరబడి ఊగిసలాడింది. ఆ తర్వాత ఆమె చనిపోయేదాకా దేశంలో ఒక్క డ్యూక్ కూడా లేడు. కొత్త బిరుదులు కూడా పిసినారిలా ఇచ్చింది. 1603లో ఆమె కన్నుమూసేనాటికి మొత్తం ప్రభువులు 55 మంది వరకు, అంతే.

తీపి సారా... చేదు తిరుగుబాటు

ఇక దొరతనమంటే ఏమిటి? రాణి వస్తే మర్యాద చెయ్యడం! 1575 జులైలో లెస్టర్ ఎర్ల్ రాబర్ట్ డడ్లీ తన కెనిల్‌వర్త్ కోటలో రాణికి దాదాపు మూడు వారాలు ఆతిథ్యమిచ్చాడు. బాణసంచా, నాటకాలు, వేట... ఒకప్పుడు సైన్యానికి పెట్టే ఖర్చు ఇప్పుడు విందుకు. జిల్లాల్లో సైన్యాన్ని పోగుచేసే బాధ్యత 'లార్డ్ లెఫ్టినెంట్' అనే పదవికి వెళ్లింది. ఆ పదవిలోనూ ఎక్కువగా దొరలే. కాకపోతే ఇప్పుడు మనుషుల్ని పిలిచేది తన ముద్రతో కాదు, రాణి ఇచ్చిన ఉత్తర్వుతో. ఉత్తర్వు వెనక్కి తీసుకుంటే చేతిలో ఏమీ మిగలదు.

ఈ తేడా తెలుసుకోలేక మునిగినవాడు ఎసెక్స్ ఎర్ల్ రాబర్ట్ డెవరూ. రాణికి ఇష్టుడు, అందగాడు, వీరుడు. ఆదాయానికి ఆధారం... విదేశాల నుంచి దిగుమతయ్యే తీపి ద్రాక్షసారా మీద సుంకం వసూలు చేసుకునే హక్కు. రాణి అనుగ్రహించింది కాబట్టి వచ్చిన హక్కది. 1600లో గడువు తీరితే ఆమె పొడిగించలేదు. అప్పులవాళ్లు చుట్టుముట్టారు. 1601 ఫిబ్రవరి 8న సుమారు 300 మందితో లండన్ వీధుల్లోకి దూకాడు, నగరం తన వెంట లేస్తుందని. ఒక్క తలుపు తెరుచుకోలేదు. సాయంత్రానికి తిరుగుబాటు అయిపోయింది. 25న తల తెగింది. బోస్‌వర్త్‌లో దొరల సేనలు రాజును మార్చేశాయి. 116 ఏళ్లు తిరిగేసరికి దొర కేకేస్తే వీధిలో కిటికీలు మూసుకున్నాయి. ఓడలు బళ్లవడమంటే ఇదే!

మచిలీపట్నం దాకా

కొందరు మాత్రం కొత్త దారి వెతుక్కున్నారు. ఉత్తరాది క్లిఫర్డ్ వంశం కథ చూడండి. గులాబీల యుద్ధాల్లో తండ్రి చనిపోతే కొడుకు హెన్రీ క్లిఫర్డ్ గొర్రెల కాపరిగా దాక్కుని పెరిగాడని జనం చెప్పుకునే కథ. 1485లో భూములు తిరిగొచ్చాయి. ఫ్లాడెన్‌లోనూ పోరాడాడు. అతని మునిమనవడు జార్జ్, కంబర్‌లాండ్ ఎర్ల్, కోటలో కూర్చోలేదు. సొంత ఓడలతో స్పెయిన్ నౌకల్ని దోచుకున్నాడు. 'స్కర్జ్ ఆఫ్ మాలిస్' అనే పెద్ద ఓడ కట్టించాడు. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన పట్టాలో మొట్టమొదటి పేరు ఆయనదే. ఆ తర్వాతే మిగతా 215 మంది సర్దార్లు, వర్తకులు. కంపెనీ ఆయన ఓడనే కొని 'రెడ్ డ్రాగన్' అని పేరు మార్చి 1601లో తొలి యాత్రకు పంపింది. ఆయన మాత్రం అప్పులతో 1605లో పోయాడు.

మరో పదేళ్లకు, 1611లో, అదే కంపెనీకి చెందిన 'గ్లోబ్' అనే ఓడ గోల్కొండ సుల్తానుల రేవు మచిలీపట్నంలో లంగరు వేసింది. కలంకారీ బట్టల కోసం వచ్చినవాళ్లు తర్వాత ఏమయ్యారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ దొరల చేతుల్లోంచి జారిన కత్తి తక్కెడగా మారి మన తీరానికి చేరిందన్నమాట!

ఇంతకీ హొవార్డులు ఏమయ్యారు? 1588లో స్పెయిన్ మహానౌకాదళం మీదికొచ్చినప్పుడు ఇంగ్లండు నౌకల్ని నడిపింది ఆ వంశపు చార్లెస్ హొవార్డే. అదే సమయంలో తల తెగిన నాలుగో డ్యూక్ కొడుకు ఫిలిప్ టవర్‌లో ఖైదీ. స్పెయిన్ గెలవాలని ప్రార్థించాడన్న నేరం మీద 1589లో శిక్ష పడింది. 1595లో అక్కడే కన్నుమూశాడు. కాథలిక్ చర్చి 1970లో అతణ్ని పునీతుడిగా ప్రకటించింది. డ్యూక్ బిరుదు 1660లో ఆ కుటుంబానికి తిరిగొచ్చింది. 2022లో రెండో ఎలిజబెత్ అంత్యక్రియల ఏర్పాట్లు, 2023లో మూడో చార్లెస్ పట్టాభిషేకం ఏర్పాట్లు చూసింది 18వ నార్ఫోక్ డ్యూకే. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ బండి ముందు నడవాలి... అదీ ఆయన పని. బోస్‌వర్త్‌లో కిరీటం కోసం చచ్చిన వంశం, ఇప్పుడు కిరీటం పెట్టే వేడుకకు పెళ్లిపెద్ద.

రాజులు మారితే జనం బతుకులు మారతాయని ఆ రోజుల్లో బల్లెం పట్టుకున్న పల్లెటూరివాడు నమ్మాడు. దొరగారి ముద్ర తన ఒంటికి కవచమనుకున్నాడు. 1569 చలికాలంలో ఉరికంబం ముందు నిలబడ్డప్పుడుగానీ అసలు సంగతి తెలియలేదు. తన మెడకు తాడు బిగిసే వేళకు, ఆ ముద్ర ఇచ్చిన దొర పొరుగు దేశంలో ఉన్నాడని!